మాట నిలిస్తేనే మదుపు
పాలన తీరే పెట్టుబడికి పునాది.. విదేశీ సంస్థల రాకపోకలు నేర్పుతున్న పాఠాలు

ఎ.కొండూరు: విజయవాడ నుంచి జగదల్‌పూర్ వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి ఎ.కొండూరు మీదుగా తిరువూరు వైపు సాగుతుంది. నిత్యం వందలాది లారీలు ఈ దారిన పోతుంటాయి. రాజధాని ప్రాంతం ఇంత చేరువలో ఉన్నా మండల ప్రజలకు నేటికీ వ్యవసాయమే ఆధారం. మామిడి, పత్తి, మొక్కజొన్న ధరలు బాగుంటే ఊరు బాగుంటుంది, లేకుంటే లేదు. చదువుకున్న యువత ఉపాధి వెతుక్కుంటూ విజయవాడకో, హైదరాబాద్‌కో తరలిపోతోంది. మరోవైపు రాష్ట్రానికి వేల కోట్ల విదేశీ పెట్టుబడులు రానున్నాయన్న ప్రకటనలు ఆగడం లేదు. విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో కృత్రిమ మేధ కేంద్రం ఏర్పాటు చేస్తామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. ప్రకటించిన పెట్టుబడుల్లో నేలపై నిలిచేవి ఎన్ని? వెనుదిరిగి పోయేవి ఎన్ని? ఈ తేడాకు కారణమేమిటి? గడచిన రెండు దశాబ్దాల్లో మన రాష్ట్రం ఎదుర్కొన్న అనుభవాలను పరిశీలిస్తే సమాధానం దొరుకుతుంది. అది భూమి ధరలోనో, పన్ను రాయితీలోనో కన్నా పాలన తీరులోనే ఎక్కువగా ఉంది.

కౌలు పొలంలో మామిడి నాటరు

ఈ ప్రాంత రైతులకు విషయం తేలికగా బోధపడే ఉపమానం ఒకటుంది. కౌలు రైతు పత్తి వేస్తాడు, మొక్కజొన్న వేస్తాడు. మామిడి మొక్క మాత్రం నాటడు. అది కాపుకు రావాలంటే నాలుగైదేళ్లు పడుతుంది. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఫలసాయం ఇస్తుంది. రాష్ట్రంలో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు ఒప్పందం గడువు 11 నెలలే. వచ్చే ఏడు ఆ భూమి తన చేతిలో ఉంటుందో ఉండదో తెలియనప్పుడు ఏ కౌలుదారూ చెట్టు పెంచడు. నేలకు సారం లేక కాదు, భరోసా లేక.

విదేశీ పెట్టుబడి సైతం ఇలాంటిదే. షేర్లు కొనడానికి వచ్చే సొమ్ము పత్తి పంట వంటిది. పరిస్థితి వికటిస్తే మర్నాడే వెళ్లిపోగలదు. కర్మాగారం, విద్యుత్ కేంద్రం, ఓడరేవు వంటివి మామిడి తోటలు. ఒకసారి కాంక్రీటు పోసి యంత్రాలు బిగించాక వాటిని ఎత్తుకుపోవడం సాధ్యం కాదు. పెట్టిన సొమ్ము తిరిగి రావాలంటే 15, 20 ఏళ్లు ఆగాలి. ఆ కాలంలో ఎన్నికలు నాలుగుసార్లు వస్తాయి. ముఖ్యమంత్రులు మారతారు, అధికారులు మారతారు. అప్పటికీ ఒప్పందం మారదన్న నమ్మకం కలిగితేనే పెట్టుబడిదారు ముందుకు వస్తాడు. నమ్మకం లేకుంటే రాడు, లేదా ఆ భయానికి తగిన ధర కట్టి ఎక్కువ రాయితీలు అడుగుతాడు. ఆ అదనపు భారం చివరకు ప్రజలపైనే పడుతుంది.

ప్రపంచ బ్యాంకు 1996 నుంచి దేశాల పాలనా నాణ్యతను ఆరు కోణాల్లో లెక్కగడుతోంది. ప్రజావాణి, జవాబుదారీతనం ఒకటి. రాజకీయ సుస్థిరత, ప్రభుత్వ సామర్థ్యం, నియంత్రణల నాణ్యత, చట్టబద్ధ పాలన, అవినీతి నియంత్రణ మిగిలినవి. పేర్లు పెద్దవైనా ఇవి మండల కార్యాలయానికి వెళ్లే ప్రతి ఒక్కరికీ పరిచయమైన విషయాలే. దస్త్రం కదులుతుందా? లంచం అడుగుతారా? ఇచ్చిన పత్రం చెల్లుతుందా? అన్యాయం జరిగితే వినే నాథుడున్నాడా? విదేశీ సంస్థ అడిగేవీ ఇవే ప్రశ్నలు.

ఫోక్స్‌వ్యాగన్ మిగిల్చిన చేదు

జర్మనీ కార్ల సంస్థ ఫోక్స్‌వ్యాగన్ విశాఖపట్నంలో కర్మాగారం పెడుతుందని 2000 దశకం తొలి అర్ధభాగంలో పెద్ద ఎత్తున ప్రచారం సాగింది. ఆ ప్రాజెక్టు పేరిట 2005లో రాష్ట్ర ప్రభుత్వం వశిష్ట వాహన్ అనే సంస్థకు 11 కోట్ల రూపాయలకు పైగా చెల్లించింది. ఆ సంస్థతో తమకు సంబంధం లేదని ఫోక్స్‌వ్యాగన్ స్పష్టం చేయడంతో రాష్ట్రం నివ్వెరపోయింది. కేసు సీబీఐ చేతికి వెళ్లింది. ఫోక్స్‌వ్యాగన్ కర్మాగారం మాత్రం మహారాష్ట్రలోని పుణె సమీపాన చకన్‌లో 2009లో ప్రారంభమైంది.

చకన్ పరిసరాల్లో అప్పటికే విడిభాగాల పరిశ్రమలు స్థిరపడి ఉండటం మహారాష్ట్రకు కలిసివచ్చిన మాట నిజమే. కనుక నెపమంతా ఈ ఉదంతంపైనే మోపడం సరికాదు. అయితే ఒక ప్రభుత్వం ఎదుటివారు ఎవరో, వారికి ఏ అధికారముందో సరిచూసుకోకుండా ప్రజాధనం బదిలీ చేసిందంటే లోపం ఎక్కడుంది? నిధుల విడుదలకు ముందు జరగాల్సిన తనిఖీలో ఉంది. పెట్టుబడి తెచ్చామన్న పేరు కోసం పడే తొందర పాలనా నియమాలను పక్కకు నెట్టినప్పుడు పరువు, సొమ్ము రెండూ పోతాయని ఆనాడే రుజువైంది.

ప్రభుత్వం మారినా ఆగని కియా

దీనికి భిన్నమైన ఉదాహరణ అనంతపురం ప్రాంతంలో ఉంది. దక్షిణ కొరియాకు చెందిన కియా సంస్థ 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం కుదుర్చుకుంది. పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద సుమారు 110 కోట్ల డాలర్లతో, ఏటా 3 లక్షల కార్లు తయారుచేసే సామర్థ్యంతో కర్మాగారం నిర్మించింది. కరవుకు మారుపేరైన ఆ నేలపై కార్ల కర్మాగారమా అని అనుమానించిన వారు ఎందరో. 2019 జనవరిలోనే ప్రయోగాత్మకంగా తొలి కారు బయటకు వచ్చింది. అదే ఏడాది మే నెలలో ప్రభుత్వం మారింది. డిసెంబరులో కర్మాగారాన్ని లాంఛనంగా ప్రారంభించింది కొత్త ముఖ్యమంత్రి. 2023 జులై నాటికి అక్కడ 10 లక్షల కార్లు తయారయ్యాయి.

ఇక్కడ గమనించాల్సింది రాయితీల జాబితా కాదు. భూమి చదును చేసి ఇవ్వడం, గొల్లపల్లి జలాశయం నుంచి నీరు అందించడం వంటి పనులు చెప్పిన గడువులో జరిగాయి. ఒకరు కుదిర్చిన ఒప్పందాన్ని మరొకరు కొనసాగించారు. అలాగని సాఫీగా సాగిందనీ చెప్పలేం. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలంటూ 2019 జులైలో రాష్ట్రం చట్టం చేయడం చర్చకు దారితీసింది. 2020 ఫిబ్రవరిలో కర్మాగారం తమిళనాడుకు తరలిపోవచ్చంటూ ఒక వార్తాసంస్థ కథనం ప్రచురించగా, అటు కియా, ఇటు ప్రభుత్వం ఖండించాయి. స్థానికులకు కొలువులు దక్కాలన్న ఆకాంక్ష న్యాయమైనదే. కానీ పెట్టుబడి పెట్టాక నిబంధన మార్చడం వేరు, ముందే చెప్పి నైపుణ్య శిక్షణతో దాన్ని సాధించడం వేరు. ఇదే తరహాలో హరియాణా చేసిన చట్టాన్ని 2023 నవంబరులో అక్కడి హైకోర్టు కొట్టివేసింది.

ఒప్పందాల సమీక్ష.. అప్పుల ఉపసంహరణ

పాలనలో కొనసాగింపు దెబ్బతింటే ఏమవుతుందో 2019 ద్వితీయార్ధం చూపింది. సౌర, పవన విద్యుత్ కొనుగోలు ఒప్పందాల ధరలు అధికంగా ఉన్నాయంటూ నాటి ప్రభుత్వం జులైలో సంప్రదింపుల కమిటీని నియమించింది. పవన విద్యుత్‌కు యూనిట్ 2.43 రూపాయలకు, సౌర విద్యుత్‌కు 2.44 రూపాయలకు తగ్గించాలని కోరింది. ఈ ప్రాజెక్టుల్లో జపాన్, కెనడా, సింగపూర్, అబుదాబీలకు చెందిన సంస్థల సొమ్ము ఉంది. జపాన్ రాయబారి స్వయంగా ముఖ్యమంత్రికి లేఖ రాశారు. కేంద్ర విద్యుత్ మంత్రి సైతం సమీక్ష తగదని సూచించారు. వివాదం హైకోర్టుకు చేరింది. ఒప్పందంలోని ధరల ప్రకారమే చెల్లించాలని 2022 మార్చిలో ధర్మాసనం తీర్పు చెప్పింది.

ప్రభుత్వ వాదనలో పస లేదనలేం. ధర ఎక్కువైతే డిస్కంలపై, అంతిమంగా వినియోగదారులపై భారం పడుతుంది. అవినీతి జరిగిందని ఆధారాలుంటే ఏ ఒప్పందాన్నైనా విచారించాల్సిందే. కానీ దానికి మార్గం ఉంది. అక్రమం జరిగిన ఒప్పందాన్ని గుర్తించి, రుజువులతో నియంత్రణ మండలి ముందు గానీ న్యాయస్థానం ముందు గానీ నిలపాలి. అన్నింటినీ ఒకే గాటన కట్టి ధర తగ్గించమనడంతో నిజాయతీగా పోటీపడిన సంస్థలకూ అపరాధి ముద్ర పడింది. దాదాపు మూడేళ్లు వివాదం నడిచాక చెల్లించాల్సిన ధర తగ్గలేదు. మరి ప్రజలకు ఒరిగిందేమిటి?

ఇదే కాలంలో అమరావతి సైతం దెబ్బతింది. రాజధానికి ఇవ్వదలచిన 30 కోట్ల డాలర్ల రుణం ప్రతిపాదన నుంచి ప్రపంచ బ్యాంకు 2019 జులైలో తప్పుకొంది. కేంద్ర ప్రభుత్వం తన అభ్యర్థనను ఉపసంహరించుకోవడంతో ఈ నిర్ణయం వెలువడింది. ఆసియా మౌలిక సదుపాయాల పెట్టుబడి బ్యాంకూ అదే బాట పట్టింది. సింగపూర్ సంస్థల కూటమితో కుదిరిన స్టార్టప్ ప్రాంత ఒప్పందం ఆ నవంబరులో రద్దయింది. విశాఖలో లులు సంస్థకు జరిగిన భూ కేటాయింపు సైతం ఆ ఏడాదే రద్దయింది. ప్రభుత్వం మళ్లీ మారాక, 2024 డిసెంబరులో ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్ల రుణానికి ఆమోదం తెలిపింది. ఆసియా అభివృద్ధి బ్యాంకు సైతం దాదాపు అంతే మొత్తం మంజూరు చేసింది. ఐదేళ్లు గడిచాక పని మళ్లీ మొదటికి వచ్చింది. ఈ మధ్యకాలంలో నిర్మాణ వ్యయం పెరిగింది. భూ సమీకరణలో సుమారు 34 వేల ఎకరాలు ఇచ్చిన రైతులు ప్లాట్ల కోసం ఎదురుచూస్తూ ఉద్యమబాట పట్టారు. పాలన మాట తప్పితే బ్యాంకు తన సొమ్ము వెనక్కి తీసుకుని వెళ్లిపోగలదు. భూమి ఇచ్చిన రైతు ఎక్కడికి వెళ్తాడు?

ర్యాంకు మొదటిది.. సొమ్ము అంతంత

సులభతర వాణిజ్యంలో ఆంధ్రప్రదేశ్‌కు దేశంలో తిరుగులేని పేరుంది. కేంద్రం ప్రకటించిన జాబితాల్లో 2016లో తెలంగాణతో కలిసి, 2018లోనూ 2020లోనూ ఒంటరిగా ప్రథమ స్థానం దక్కింది. అయితే రాష్ట్రాల వారీగా విదేశీ ప్రత్యక్ష పెట్టుబడుల లెక్కలు 2019 అక్టోబరు నుంచి వెలువడుతుండగా, 2024 మార్చి వరకు వచ్చిన మొత్తంలో ఆంధ్రప్రదేశ్ వాటా ఒక శాతానికి మించలేదు. మహారాష్ట్ర, కర్ణాటక, గుజరాత్ ముందు వరుసలో ఉన్నాయి. సంస్థల ప్రధాన కార్యాలయాలు ముంబయి, బెంగళూరు వంటి నగరాల్లో ఉండటం వల్ల ఆ రాష్ట్రాల లెక్క కొంత పెరిగి కనిపిస్తుంది. దాన్ని మినహాయించినా ర్యాంకుకు, రాబడికి పొంతన లేదన్నది వాస్తవం.

కారణం దాచేస్తే దాగేది కాదు. అనుమతి ఎన్ని రోజుల్లో వస్తుందో, ఎన్ని పత్రాలు ఆన్‌లైన్‌లో లభిస్తాయో ర్యాంకు చెబుతుంది. వచ్చిన అనుమతి ఐదేళ్ల తర్వాత చెల్లుతుందో లేదో చెప్పదు. ప్రపంచ బ్యాంకు సైతం దేశాలకు ఇచ్చే ఇలాంటి ర్యాంకుల నివేదికను, గణాంకాల్లో అవకతవకలు బయటపడటంతో 2021 సెప్టెంబరులో నిలిపివేసింది. తలుపు ఎంత వేగంగా తెరుచుకుంటుందన్నది ముఖ్యమే. లోపలికి వచ్చాక ఇల్లు నిలుస్తుందా అన్నది అంతకన్నా ముఖ్యం.

అవినీతి లేకపోవడమే సుపరిపాలనా?

ఇక్కడొక అభ్యంతరం ఎదురవుతుంది. అవినీతి ఉన్న దేశాలకూ పెట్టుబడులు వెళ్తున్నాయి కదా? నిజమే. ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ 2024 సూచీలో వియత్నాంకు 40, భారత్‌కు 38 మార్కులు వచ్చాయి. రెండింటికీ పెద్ద తేడా లేదు. అయినా సుమారు 10 కోట్ల జనాభా ఉన్న వియత్నాంకు 2024లో దాదాపు 2,500 కోట్ల డాలర్ల విదేశీ పెట్టుబడి వాస్తవంగా చేరింది. శామ్‌సంగ్ తన ఫోన్ల తయారీకి బాక్ నిన్ రాష్ట్రాన్ని ఎంచుకుని ఏళ్ల తరబడి విస్తరిస్తూ వచ్చింది. అక్కడ విధానం ఏ దిశగా సాగుతుందో సంస్థలు ముందుగా అంచనా వేసుకోగలగడం ఒక కారణం. అలాగని ఏకపార్టీ పాలన మనకు ఆదర్శం కాజాలదు. ప్రజాస్వామ్యంలో ప్రభుత్వాలు మారతాయి, మారాలి. మారకూడనిది ప్రభుత్వ సంతకానికి ఉన్న విలువ. దాన్ని కాపాడేవి న్యాయస్థానాలు, నియంత్రణ మండళ్లు, చట్టసభల చర్చ. వాటి వేగం, స్వతంత్రత పెరిగితే అధికార మార్పిడికి ఎవరూ భయపడరు.

దేశస్థాయిలోనూ ఈ పాఠం ఖరీదైనదే. పాత లావాదేవీలపై పన్ను వేసేందుకు 2012లో కేంద్రం చట్టాన్ని సవరించింది. మన కోనసీమ తీరంలోని రవ్వ చమురు క్షేత్రాన్ని దీర్ఘకాలం నిర్వహించిన కెయిర్న్ సంస్థ అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్లింది. 2020 డిసెంబరులో భారత్ 120 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు వచ్చింది. చివరకు 2021 ఆగస్టులో పార్లమెంటు ఆ నిబంధనను తొలగించింది. పన్ను రాలేదు సరికదా, వసూలు చేసిన సొమ్ము తిరిగి ఇవ్వాల్సి వచ్చింది.

నిబంధన సడలిస్తే ప్రాణాలకే ముప్పు

పెట్టుబడి కోసం కళ్లు మూసుకోవడం సుపరిపాలన కాదు. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖ శివారు ఆర్.ఆర్.వెంకటాపురంలో కొరియా యాజమాన్యంలోని ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరిన్ ఆవిరి వెలువడి 12 మంది ప్రాణాలు కోల్పోయారు. వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. పర్యావరణ అనుమతి లేకుండానే ఉత్పత్తి సాగినట్లు 2019లో ఆ సంస్థే అధికారులకు ప్రమాణపత్రంలో తెలిపిన సంగతి దుర్ఘటన తర్వాత వెలుగుచూసింది. యాజమాన్య నిర్లక్ష్యంతో పాటు కర్మాగారాల శాఖ, కాలుష్య నియంత్రణ మండలి లోపాలనూ ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ ఎత్తిచూపింది. 50 కోట్ల రూపాయలు జమ చేయాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆదేశించింది.

తనిఖీ చేయని అధికారి పరిశ్రమకు మేలు చేసినట్లు కనిపిస్తాడు. నిజానికి ఆ పరిశ్రమకు, ఊరికి, తర్వాత రాబోయే ప్రతి పెట్టుబడికీ కీడు చేస్తాడు. ఒక దుర్ఘటన తర్వాత ఏ కొత్త కర్మాగారం పేరు చెప్పినా ప్రజలు భయపడతారు. ఆ భయం అకారణం కాదు.

మండలానికి వర్తించేదేమిటి?

ఈ పరిణామాలు ఎక్కడో విశాఖలోనో, పెనుకొండలోనో జరిగినవి కదా, తిరువూరు నియోజకవర్గానికి సంబంధమేమిటని అనిపించవచ్చు. సంబంధం ఉంది. ఎ.కొండూరు మండలంలోని తండాలను మూత్రపిండాల వ్యాధి ఏళ్ల తరబడి పీడిస్తోంది. భూగర్భ జలాలపై అనుమానాలు వ్యక్తమైనప్పటి నుంచి సురక్షిత నీటి కోసం గిరిజన కుటుంబాలు కోరుతూనే ఉన్నాయి. కృష్ణా జలాలను గొట్టపు మార్గం ద్వారా తండాలకు చేర్చే పథకాన్ని ప్రభుత్వం చేపట్టింది. ఇదే వ్యాధితో దశాబ్దాలుగా తల్లడిల్లిన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో నీటి పథకం, పలాస కిడ్నీ పరిశోధన ఆసుపత్రి 2023 డిసెంబరులో గానీ ప్రారంభం కాలేదు. తాగునీటికి ఇచ్చిన హామీ ఏ ప్రభుత్వం వచ్చినా ఆగకుండా పూర్తవుతుందా, నీటి పరీక్షల ఫలితాలు గ్రామంలో బహిరంగంగా ప్రదర్శిస్తారా అన్నది ఇక్కడి ప్రజలకు పాలన నాణ్యతను కొలిచే అసలు గీటురాయి. పరిశ్రమ పెట్టదలచిన వారికీ మొదటి ప్రశ్న నీరే.

రెండోది భూమి. రాష్ట్రంలో భూముల రీసర్వే 2020 డిసెంబరు 21న మన జిల్లాలోనే, జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో మొదలైంది. భూ యాజమాన్య హక్కుల చట్టం 2023లో అమల్లోకి వచ్చి, ప్రభుత్వం మారగానే 2024లో రద్దయింది. ఆ చట్టంపై రైతుల్లో నెలకొన్న ఆందోళనలు తీవ్రమైనవి కనుక రద్దును తప్పుపట్టలేం. కానీ హద్దులు, హక్కులు తేలని భూమిపై బ్యాంకు రుణం దొరకదు, అమ్మకం సాగదు, పరిశ్రమ రాదు. చట్టం ఏదైనా, రికార్డు సరిగా ఉండాలన్న అవసరం మారదు.

మూడోది సమయం. ఇక్కడికి సమీపంలోనే, బాపులపాడు మండలం మల్లవల్లి పారిశ్రామికవాడలో అశోక్ లేలాండ్ బస్సుల కర్మాగారానికి 2018 మార్చిలో శంకుస్థాపన జరిగింది. ప్రారంభోత్సవం 2025 మార్చిలో జరిగింది. జాప్యానికి వాహన మార్కెట్ మందగమనం సహా కారణాలు అనేకం. ఏదేమైనా, శంకుస్థాపన నాడు ఐటీఐ పూర్తిచేసిన యువకుడికి ఆ ఏడేళ్లు తిరిగి రావు.

ప్రజల చేతిలో ఉన్నదేమిటి?

పారిశ్రామిక ప్రోత్సాహకాలను ఎస్క్రో ఖాతా ద్వారా చెల్లిస్తామని 2025 నవంబరులో విశాఖ భాగస్వామ్య సదస్సులో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. హామీ ఇచ్చిన సొమ్మును విడిగా భద్రపరిస్తే తప్ప సంస్థలు నమ్మవని ప్రభుత్వమే పరోక్షంగా అంగీకరించినట్లయింది. పరిశ్రమలకు ఇచ్చే ఈ భరోసా ప్రజలకూ దక్కాలి. ఏ సంస్థకు ఎంత భూమి, ఏ ధరకు, ఎన్ని రాయితీలతో ఇచ్చారు, ఎన్ని కొలువులు వచ్చాయన్న వివరాలు జిల్లా వారీగా ఏటా వెల్లడించాలి. దాపరికం ఉన్న ఒప్పందమే తర్వాతి ప్రభుత్వం చేతిలో ఆయుధమవుతుంది. అన్నీ వెలుగులో ఉంటే తిరగదోడేందుకు సాకు ఉండదు.

అడిగే హక్కు చట్టాల్లో ఇప్పటికే ఉంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం ఒప్పంద పత్రాలు కోరే వీలు కల్పిస్తోంది. 2006 పర్యావరణ ప్రకటన ప్రకారం కాలుష్యానికి ఆస్కారమున్న ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. 2013 భూసేకరణ చట్టం ప్రైవేటు ప్రాజెక్టులకు 80 శాతం బాధిత కుటుంబాల సమ్మతి తప్పనిసరి చేసింది. వీటిని పెట్టుబడికి అడ్డంకులుగా చూసే ధోరణి అధికారుల్లో కనిపిస్తోంది. పైన చెప్పుకొన్న ఉదంతాలు అందుకు విరుద్ధమైన సంగతిని చాటుతున్నాయి. ప్రజలు విని, అడిగి, ఒప్పుకొన్న ప్రాజెక్టు ఎన్నికల గాలికి కొట్టుకుపోదు. రాజధాని ప్రాంతం విస్తరించే కొద్దీ ఈ రహదారి వెంట భూములపై పరిశ్రమల చూపు పడకమానదు. ఆ రోజు వచ్చేలోగా తండాలకు నీరు చేరడం, భూ రికార్డులు సరికావడం, గ్రామసభలు సక్రమంగా జరగడం పూర్తయితే మండలం గట్టి పునాదిపై బేరమాడగలదు. కానిపక్షంలో ఎంత పెద్ద సంస్థ వచ్చినా లాభం ఇతరులకు, నష్టం ఇక్కడివారికి మిగులుతుంది.